సారవ్వ ఓడరేవు చూసిన రోజు

సారవ్వ మొగుడు పారిపోయాడని గోదావరిఖనిలో అందరికీ తెలుసు. ఎందుకు పారిపోయాడన్నది మాత్రం ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పేవారు. ఆమె నోరు మంచిది కాదని కొందరు, కడుపు పండలేదని కొందరు, వాడికే నిలకడ లేదని కొందరు. మొదటి ఏడాది ఆమె అందరికీ జవాబు చెప్పింది. తర్వాత మానేసింది. చెప్పినకొద్దీ నోరు మంచిది కాదన్న మాటే గట్టిపడుతూ వచ్చింది.

నిజానికి ఆమె మొగుడు మొగిలి బాయికి భయపడ్డాడు. బొగ్గుగనిని అక్కడందరూ బాయి అనే అంటారు. రామగుండం అవతల చిన్న ఊళ్ళో పుట్టి, ఒగ్గుకథ చెప్పేవాళ్ళ వెంట వంత పాడుతూ తిరిగినవాడు మొగిలి. చేయి చెవి దగ్గర పెట్టి గొంతెత్తితే పక్క ఊరి దాకా వినబడేది. రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేస్తే, ఊరి మొగవాళ్ళంతా పోతున్నారని తనూ ఖనికి పోయి బాయిలో చేరాడు. కిందికి దిగిన రోజు నుంచి పాట పోయింది. షిఫ్టు దిగి వచ్చి గుడిసెలోకి రాకుండా వాకిట్లోనే కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, కప్పు తక్కువ ఎత్తులో ఉంది, మీద పడుతున్నట్టుంది అనేవాడు.

"మానెయ్యరాదు? కూలో నాలో చేసుకుందం" అని సారవ్వే చెప్పింది.

"మానేస్తె నలుగురు ఏమంటరు?" అన్నది అత్త పూలమ్మ. "బాయికి భయపడి ఇంట్ల కూసున్నడంటరు."

పంతొమ్మిది వందల అరవై మూడులో ఒక తెల్లవారుజామున మొదటి షిఫ్టుకని సద్ది మూట పట్టుకుని పోయిన మొగిలి బాయి దగ్గరికి చేరనే లేదు. రామగుండం స్టేషన్లో బండెక్కుతుంటే చూశామన్నారు కొందరు. అంతే. అప్పటికి సారవ్వకు పందొమ్మిదేళ్ళు.

ఇంట్లో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు. పూలమ్మకు మోకాళ్ళ నొప్పులు. మొగిలి చిన్నాయన గట్టయ్య కులంలో పెద్దమనిషి. ఆయన కంట్రాక్టరుతో మాట్లాడి సారవ్వను తట్ట మోసే పనిలో పెట్టించాడు. కొన్నేళ్ళకు బాయి పైన బొగ్గులోంచి రాళ్ళేరే పని దొరికింది. కదిలే బెల్టు పక్కన నిలబడి, బొగ్గుతో వచ్చే రాళ్ళను చేతులతో ఏరి అవతల పారెయ్యాలి. రెండు చేతుల గోళ్ళూ అరిగిపోయాయి. కానీ ఇంట్లో పొయ్యి ఆరలేదు. పూలమ్మ కూడా ఊరికే తిని కూర్చునే మనిషి కాదు. కోడలు డ్యూటీ నుంచి వచ్చేసరికి నీళ్ళు కాగబెట్టి ఉంచేది, తలకు నూనె రాసి బొగ్గు పొడి పోయేదాకా దువ్వేది. పండుగ వచ్చిందంటే మాత్రం కొడుకు పేర ఒక పళ్ళెంలో అన్నం తీసి మూలకు పెట్టి, "ఎక్కడున్నవో కొడుకా" అని ఏడ్చేది. అది చూసి సారవ్వ కూడా ఏడ్చేది. ఆ ఏడుపు దగ్గరే అత్తాకోడళ్ళు ఒకరికొకరు బాగా దగ్గరయ్యారు.

అయిదేళ్ళ తర్వాత ముత్యం అడిగాడు. ల్యాంపు రూములో పని అతనిది. బాయిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇచ్చి, పైకి వచ్చాక తీసుకునే పని. భార్య కాన్పులో పోయింది. మాట తక్కువ మనిషి. సారవ్వ రాళ్ళేరే చోటికి నీళ్ళకుండ మోసుకొచ్చి నీడలో పెట్టిపోతుండేవాడు. ఒకరోజు కుండ దించి వెంటనే పోకుండా నిలబడ్డాడు.

"నీకు ఇష్టమైతె పెద్దమనుషుల్లడుగుత. ఇష్టం లేదంటె కుండ దెచ్చుడు బందు పెట్టను. అది వేరే" అన్నాడు.

సారవ్వ ఇష్టమే అన్నది. ఆ కులంలో మారుమనువు తప్పు కాదు. మొదటి మొగుడితో తెగతెంపులు అయితే చాలు. వాడు లేకపోతే వాడి వైపువాళ్ళు ఒప్పుకోవాలి. పెద్దమనుషులు కూర్చున్నారు. గట్టయ్య నడుమ కూర్చున్నాడు. పూలమ్మను పిలిచి అడిగితే ఆ ముసలమ్మ నేల మీద చేయి చరిచి, "నా కొడుకు బతికే ఉన్నడు. నా కడుపు చెప్తున్నది. ఇయ్యాల కాకపోతె రేపొస్తడు. అచ్చినోడు పెండ్లామేదని అడిగితె నేనేం మొకం పెట్టుకొని చెప్పాలె?" అని గోడుగోడున ఏడ్చింది.

"తల్లి కడుపు కన్న పెద్ద సాక్ష్యమేముంటది? పిల్ల ఇంకొన్నాళ్ళు చూడాలె" అని తేల్చాడు గట్టయ్య.

ముత్యం నీళ్ళకుండ మోసుకొస్తూనే ఉన్నాడు. రెండేళ్ళు చూశాడు. తర్వాత బెల్లంపల్లికి బదిలీ చేయించుకుని పోయి అక్కడ ఎవరినో చేసుకున్నాడు.

పూలమ్మ డెబ్బయి రెండు ఎండాకాలంలో పోయింది. మంచాన పడ్డ నాలుగు నెలలూ సారవ్వే ఎత్తింది, కడిగింది, తినిపించింది. గట్టయ్య తలకొరివి పెట్టాడు. "కన్నబిడ్డ కూడా గింత చెయ్యదు" అన్నారు ఖనిలో ఆడవాళ్ళు. అదొక్కటే ఆమె గురించి అన్నేళ్ళలో వాళ్ళు అన్న మంచి మాట.

ఆ మరుసటి ఏడు బుచ్చన్న ఒక కబురు మోసుకొచ్చాడు. బుచ్చన్న మొగిలితో కలిసి ఒకే రోజు బాయిలో చేరినవాడు. సారవ్వను చెల్లె అని పిలుస్తాడు. కార్మికుల క్లబ్బువాళ్ళు కొందరిని విశాఖపట్నం చూపించడానికి తీసుకుపోతే వాళ్ళతో పోయివచ్చాడు.

"చెల్లె, ఒక మాట చెప్త, గట్టిగ నమ్మకు. ఆడ ఓడరేవు చూపిచ్చెటోడు ఒకడున్నడు. మోహనరావు అంటరు. మాట అంత ఆంధ్ర మాటనే. కాని నడక మన మొగిలిదే. నేను దగ్గరికి పోతె దూరం దూరం జరిగిండు."

సారవ్వ ఆ పూట అన్నం తినలేదు. మళ్ళీ క్లబ్బువాళ్ళు పేర్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు అందరికన్నా ముందు తన పేరు చెప్పింది. ఆమె వస్తుందంటే పక్కింటి అనసూర్య కూడా బయల్దేరింది. ఆమెదీ రాళ్ళేరే పనే. "ఒక్కదానివి ఏం పోతవక్కా, నేను సుత సముద్రం జూస్త" అంది. ఎవరి కోసం పోతున్నదీ సారవ్వ ఆమెకు చెప్పలేదు. బుచ్చన్నను మాత్రం మళ్ళీ రమ్మని అడిగింది.

డెబ్బయి నాలుగు చలికాలం వెళ్ళే రోజులవి. బెజవాడలో బండి మారి, వాల్తేరు స్టేషన్లో దిగి, సత్రంలో స్నానాలు చేసేసరికి బస్సు వచ్చి నిలబడింది. బస్సు తలుపు దగ్గర తెల్లచొక్కా, ఖాకీ ప్యాంటు వేసుకున్న మనిషి చేతిలో బెత్తంతో నవ్వుతూ నిలబడ్డాడు. ఒళ్ళు చేశాడు. మీసం పెంచాడు. జుట్టు వెనక్కి దువ్వాడు. ఎక్కేవాళ్ళను ఒక్కొక్కరినీ లెక్కపెడుతున్నాడు. సారవ్వ మెట్టు మీద కాలు పెట్టేసరికి లెక్క తప్పాడు.

"ఉండండమ్మా, మళ్ళీ మొదటినుంచి చూసుకుంటాను" అని బస్సులోకి ఎక్కి, అటు తిరిగి లెక్కపెట్టుకున్నాడు.

ఆమె కూర్చుని ఆయననే చూసింది. కానీ మొగిలే అని నిక్కంగా చెప్పలేకపోయింది. పదకొండేళ్ళ కింద సన్నగా, వంగిన భుజాలతో పోయినవాడు. ఈయన చూస్తే గొంతు గణగణమంటున్నది. "రండి బాబూ, కూర్చోండమ్మా, కిటికీలోంచి చేతులు బయటపెట్టకండి" అంటున్నాడు. రామగుండం వైపు పుట్టిన మనిషి మాటలా లేదు.

మొదట సముద్రం ఒడ్డుకు తీసుకుపోయాడు. అనసూర్య ఇసుకలో నిలబడి నోరు తెరిచింది. "ఓ అక్కా, గిన్ని నీళ్ళకు కట్ట లేదేందే?" అంది. అందరూ నవ్వారు. గైడు కూడా నవ్వాడు. అలలు ఎందుకొస్తాయో, చేపల పడవలు ఎప్పుడు తిరిగొస్తాయో, తుఫాను వస్తే రేవులో ఏ జెండా ఎగరేస్తారో చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, బాయి పనికి తప్ప దేనికీ బయటకు రాని మనుషులు కూడా చెవులప్పగించి విన్నారు. సారవ్వ చెప్పులు చేతబట్టుకుని, తడి ఇసుకలో నిలబడి ఆయన చేతినే చూసింది. మాట పైకి లేచినప్పుడల్లా ఎడమ చేయి చెవి వైపు పోయి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు కిందికి దిగుతున్నది.

తర్వాత చర్చి ఉన్న కొండెక్కించాడు. అక్కడి నుంచి రేవు మొత్తం కనిపిస్తుంది. ఎదురుగా సముద్రంలోకి ముక్కు చాచిన పెద్ద కొండ, ఈ పక్క మూడు చిన్న కొండలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. వాటికీ పెద్ద కొండకీ నడుమ సన్నటి నీటి దారి. ఆ దారిలోంచి ఇనుప కోటలాంటి ఓడ మెల్లగా లోపలికి వస్తున్నది.

"చూడండి బాబూ, ఓడ కెప్టెను ఎంత గొప్పవాడైనా ఈ దారిలోకి వచ్చేసరికి ఇక్కడి మనిషి ఎక్కి దారి చూపించాల్సిందే."

"ఓడ కింద ఎంత లోతుంటది సారూ?" అనసూర్య అడిగింది.

"చాలా లోతమ్మా. కింద ఇంకేం కనబడదు. మీ బాయిల దిగినట్టే ఉంటది" అన్నాడు.

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. "అంటే, మీ గనిలోకి దిగినట్టు" అని దిద్దుకున్నాడు. అనసూర్య ఏమీ గమనించలేదు. బుచ్చన్న సారవ్వ వైపు చూశాడు. సారవ్వ ఓడ వైపు చూస్తూ నిలబడింది. ఓడ ఆమె కళ్ళకు ఆనలేదు.

మధ్యాహ్నం వెంకటేశ్వరస్వామి కొండ మీద మంటపంలో కూర్చుని అందరూ పులిహోర పొట్లాలు విప్పారు. గైడు తినడానికి కూర్చోలేదు. మంటపం వెనక నల్లా దగ్గరికి పోయాడు. సారవ్వ తన పొట్లం అనసూర్య చేతిలో పెట్టి వెనకే పోయింది.

"మొగిలీ" అంది.

మొగుడి పేరు నోటితో అనడం ఆమెకు అదే మొదటిసారి. కాపురం చేసిన మూడేళ్ళలో ఎన్నడూ అనలేదు.

ఆయన నల్లా కట్టేశాడు. చుట్టూ చూశాడు. ఆ చూపుతోనే అంతసేపు నోట్లో ఉన్న పరాయి మాట జారిపోయింది.

"మెల్లగ సారవ్వా. జర మెల్లగ మాట్లాడు."

"మీ అవ్వ సచ్చిపోయింది."

తల్లి పోయిందనేసరికి తడి చేతులతోనే గట్టు మీద కూలబడ్డాడు. "ఎప్పుడు?"

"ముందటేడు. ఎండకాలంల."

"నా పేరు తీసిందా?"

"తీసింది. పాణం పోయేటప్పుడు నేనే నోట్లె నీళ్ళు పోసిన."

మొగిలి తల ఎత్తి వింతగా చూశాడు. "నువ్వు పోసినవా? నువ్వు ఆడెందుకున్నవ్?"

ఆ ప్రశ్న సారవ్వకు అర్థం కాలేదు. "నేను ఏడుంటనయ్యా మరి? నా అత్త ఇంట్లనే ఉన్న."

"మారుమనువు పోలేదా నువ్వు?"

"ఎవలు పోనిచ్చిండ్రు?"

మొగిలి తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తర్వాత నేల చూస్తూ చెప్పాడు. అరవై ఏడు గోదావరి పుష్కరాలప్పుడు గట్టయ్యకు కబురు పెట్టాడట. గట్టయ్య పూలమ్మను ధర్మపురికి తీసుకొచ్చాడట. గోదావరి రేవు మెట్ల మీద ముగ్గురూ కూర్చున్నారట. ఇక్కడ ఒక పిల్లను చేసుకున్నానని, కొడుకు పుట్టాడని, ఇక తిరిగి రానని అప్పుడే చెప్పాడట.

"నేను అచ్చేది లేదు, సారవ్వను దాని తొవ్వ జూసుకొమ్మను, మంచోడెవడన్న అడిగితె చేసుకొమ్మను అని కండ్లనీళ్ళతోని చెప్పిన. అవ్వ సరేనన్నది. 'నేను నిమ్మలంగ చెప్త, పిల్లను ఏడ్వనియ్య, నువ్వు సల్లగుండు కొడుకా' అన్నది. నా తల మీద గోదారి నీళ్ళు పోసింది."

సారవ్వకు పుష్కరాలు గుర్తొచ్చాయి. ధర్మపురి నుంచి వచ్చిన పూలమ్మ ఆమెకు పసుపు కుంకుమ తెచ్చి, "నీ మొగడు జల్ది రావాలని మొక్కిన బిడ్డా" అన్నది. ఆ మరుసటి ఏడే కదా ముత్యం అడిగింది. ఆ ముసలమ్మ నేల మీద చేయి చరిచింది.

"గట్టయ్య మామ సుత ఉండెనా, నువ్వు ఈ మాట చెప్పినప్పుడు?"

"పక్కనే కూసున్నడు."

ఆమె మంటపం స్తంభానికి ఆనుకుంది. లోపల అనసూర్య ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నది. కింద రేవులో ఓడ కూత పెట్టింది.

"బాయి మానెయ్యమని నేనే అన్న గద. మరెందుకు పోయినవ్?"

"మానేసి ఇంట్ల కూసుంటె మొగోడే కాదంటరని పోయిన. ఎటన్న పోతె, పని కోసం దేశం పోయిండంటరు."

"నిన్నట్లనే అన్నరు. నన్నేమన్నరో ఎరుకనా?"

మొగిలి చేతులు జోడించాడు. "నా తప్పు లేదంట లేను. కాని నేను కబురు చెప్పిన సారవ్వా. నా మీద బరువు లేకుంట జేసుకున్న."

"నాకు చెప్పినవా?" అని అడిగింది సారవ్వ. గొంతు పైకి లేవలేదు. "ధర్మపురి దాక అచ్చినోనివి, ఖని దాక రాలేకపోయినవ్. నేను ఏమన్న పులినా, తింటనా? నా మొకం మీద ఒక్కమాట చెప్పిపోతె, నేను ఏడ్సి, లేసి, నా బతుకు నేను బతుకుదును. మీ తల్లీకొడుకులు నీళ్ళల్ల మునిగి పుణ్యం దెచ్చుకున్నరు. నేను మాత్రం రాళ్ళేరుకుంట నీ తల్లిని సాదిన."

"నాకు తెల్వది. నువ్వు ఎక్కడో పిల్లలతోని ఉన్నవనుకున్న. ఒట్టు."

"అట్లనుకుంటె నీకు సుఖముండె."

మొగిలి గట్టు మీంచి లేచాడు. ఇద్దరు పిల్లలున్నారనీ, భార్యకు తాను తల్లీదండ్రీ లేనివాడినని చెప్పాననీ, ఈ మాట బయటపడితే బస్సు ఓనరు పనిలోంచి తీసేస్తాడనీ, నాలుగు మాటలు గబగబా చెప్పాడు. ఖని నుంచి మనుషులొస్తున్నారంటే తాను రానన్నాడట, ఓనరు వినలేదట. బస్సులో ఉన్నవాళ్ళకు చెప్పొద్దని బతిమాలాడు. మాట్లాడుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సారవ్వ ఆ నీళ్ళు చూసింది. ఒకప్పుడు ఆ కళ్ళలో నీళ్ళు వస్తే ఆమె కొంగుతో తుడిచేది. ఇప్పుడు అవి ఎవరో దారినపోయే మనిషి కళ్ళలా ఉన్నాయి.

మంటపం లోంచి ఎవరో "గైడు సారూ, ఇగ పోదమా?" అని కేకేశారు.

మొగిలి రెండు దోసిళ్ళ నీళ్ళు మొహం మీద చల్లుకున్నాడు. "వస్తున్నానండీ! అందరూ బస్సు దగ్గరికి నడవండి. మెట్లు జారతాయి, జాగ్రత్తండి" అని మళ్ళీ ఆ గణగణలాడే గొంతుతో ముందుకు పోయాడు.

మధ్యాహ్నం పూట సారవ్వ చూసిందంతా ఆమెకు తర్వాత ముక్కలు ముక్కలుగానే గుర్తుండిపోయింది. పడవలో ఎక్కించాడు. నీళ్ళ మీద నూనె మరకలు రంగులు రంగులుగా మెరిశాయి. ఒక చోట కొండంత ఎర్రమట్టి పోసి ఉంది, అది జపాను పోయే ఇనుప రాయి అని చెప్పాడు. అనసూర్య ఆమె భుజం తట్టి, "అక్కా, నీకు పాణం బాగలేదా? ఏం మాట్లాడ్త లేవు" అని అడిగింది. పడవ ఊగుతున్నదని చెప్పింది సారవ్వ.

రేవు ఒడ్డున పాలలా తెల్లటి ఓడ ఒకటి ఆగి ఉంది. సరుకు ఓడ కాదు. దేశాలు చూడటానికి బయల్దేరిన దొరలది. అంతస్తుల మీద అంతస్తులు, వరసగా గుండ్రటి కిటికీలు. దొరలు దిగి ఊరు చూడటానికి పోతున్నారని, వాళ్ళ కార్లు పోయేదాకా పక్కన నిలబడమని గేటు జవాను ఖనివాళ్ళను గోడ వారకు తోశాడు. ఊరు చూడటానికి వచ్చినవాళ్ళే కదా తామూ అన్నట్టు బుచ్చన్న గొణిగాడు. ఎవరూ వినిపించుకోలేదు.

కార్ల వైపు పోతున్న ఒక ముసలి దొరసాని అనసూర్యనూ సారవ్వనూ చూసి ఆగింది. ఎర్రచీరలు, కాళ్ళ కడియాలు, పచ్చబొట్లు ఆమెకు ముచ్చటేశాయి కాబోలు. మెడలోని కెమెరా చూపించి ఏదో అడిగింది. మొగిలి వచ్చీరాని ఇంగ్లీషులో జవాబిచ్చి, ఇద్దరినీ గోడ దగ్గరగా నిలబెట్టాడు. అనసూర్య కొంగు సర్దుకుని ఇకిలించింది. దొరసాని కెమెరాలోంచి తల ఎత్తి సారవ్వను చూపిస్తూ మళ్ళీ ఏదో అన్నది.

మొగిలి బెత్తం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత సారవ్వ మొహం చూడకుండానే, "నవ్వమంటున్నారమ్మా" అన్నాడు.

సారవ్వకు నిజంగానే నవ్వొచ్చింది. పళ్ళన్నీ కనబడేటట్టు, కళ్ళెంట నీళ్ళు కారేటట్టు, ఆపుకోలేక నవ్వింది. దొరసాని మెచ్చుకుంటూ తల ఊపి ఫొటో తీసుకుని పోయింది. మొగిలి బెత్తం చంకలో పెట్టుకుని అవతలికి తిరిగి నిలబడ్డాడు.

పొద్దుగూకే వేళ సత్రం ముందు బస్సు ఆగింది. అందరూ గైడుకు దండాలు పెట్టారు. "మస్తు చూపిచ్చినవ్ సారూ, మా ఖనికి ఒకసారి రా, మేం సుత బాయి చూపిస్తం" అన్నాడు ఒకాయన. మొగిలి నవ్వి, వస్తానండి అన్నాడు.

బుచ్చన్న సారవ్వను పక్కకు పిలిచాడు. "ఆయనేనా చెల్లె?"

"ఆయనే."

"పట్టుకొని గుంజుకత్త ఆగు" అని లుంగీ ఎగ్గట్టాడు బుచ్చన్న.

సారవ్వ అతని రెట్ట పట్టుకుంది. "గుంజుకచ్చి ఏం చేసుకుంటనే అన్నా? ఆడొక పెండ్లామున్నది. ఇద్దరు పోరగాండ్లున్నరు. నాకు రావాల్సింది ఆయన తాన లేదు."

తిరుగు ప్రయాణంలో ఆమె మొగిలి గురించి ఎక్కువ ఆలోచించలేదు. పూలమ్మే కళ్ళ ముందు మెదిలింది. పండుగ పండుగకూ పళ్ళెంలో అన్నం తీసి ఏడ్చిన పూలమ్మ. కొడుకు చల్లగా ఉన్నాడని తెలిసీ ఎట్లా ఏడ్చిందో. తలకు నూనె రాస్తూ, "నువ్వు లేకుంటె నా బతుకేంది బిడ్డా" అన్న మాట కూడా గుర్తొచ్చింది. ఆ మాట అబద్ధం కాదు. అబద్ధం కానందుకే అంత పని చేసిందని తెలుసుకుని సారవ్వకు ఒళ్ళు మండింది. ఆ చేతుల్లోని ప్రేమ నిజమో, భయమో ఇక ఎవరిని అడగాలి? మనిషే లేదు.

ఖనికి వచ్చిన మర్నాడు గట్టయ్య ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. అంతా విని, కాదనలేదు.

"మీ అత్తకు నువ్వు తప్ప ఎవరున్నరు బిడ్డా? నువ్వు పోతె ముసలిది దిక్కులేని సావు సచ్చేది. ఆమె నా కాళ్ళు పట్టుకున్నది. నేనేం చెయ్యాలె?"

"నా కాళ్ళు నువ్వు పట్టుకోరాదా మామా? ఉన్నది ఉన్నట్టు చెప్పి, ముసలిదాన్ని జూడమని అడిగితె నేను కాదందునా? ముత్యం సుత కాదనకపోతుండె. ఇద్దరం కలిసి సాదుదుము."

గట్టయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. అది ఆయనకు ఎన్నడూ తట్టని మాట అని మొహం చూస్తే తెలిసింది. కాసేపటికి తేరుకుని, "అయిపోయిందాన్ని ఇప్పుడు తోడితె ఏమొస్తది? వయసు సుత పోయె" అన్నాడు. సారవ్వకు అప్పుడు ముప్పయ్యేళ్ళు.

పెద్దమనుషులు మళ్ళీ కూర్చోవాలని ఆమె అడిగింది. కూర్చున్నారు. మొగిలితో తెగతెంపులైనట్టు ఒప్పుకున్నారు. అప్పటి తీర్పు తప్పని మాత్రం ఎవరూ అనలేదు. చచ్చినదాని మీద నింద వెయ్యకూడదన్నారు. ఖనిలో ఆడవాళ్ళు రెండు రోజులు గట్టయ్యను తిట్టి, మూడోరోజు, "ఈమెల ఏదో తక్కువుంటెనే గద ఆయన ఇంకోదాన్ని చేసుకున్నది" అనడం మొదలుపెట్టారు. అనసూర్య ఒక్కతే ఆ మాట అన్నవాళ్ళతో కొట్లాడింది. సంగతి చెప్పకుండా తనను ఆ రోజంతా ఆ గైడు వెంట నవ్వుకుంటూ తిరగనిచ్చినందుకు ఆమెకు సారవ్వ మీద కూడా కోపం వచ్చింది. కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత బెల్టు దగ్గర పక్కపక్కనే నిలబడాలి కాబట్టి మాట్లాడింది.

ముత్యం ఒకసారి ఏదో పని మీద ఖనికి వచ్చాడు. సంగతి అతని దాకా పోయినట్టుంది. రాళ్ళేరే చోటు దాకా వచ్చి, దూరంగా నిలబడి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని చూశాడు. వెంట అతని పెద్దపిల్ల ఉంది. సారవ్వ బెల్టు ఆగేదాకా తల ఎత్తలేదు. ఎత్తేసరికి వాళ్ళు పోయారు.

ఆ ఏడు పెత్రమాస వచ్చింది. బతుకమ్మకు ముందు అమావాస్య. పోయినవాళ్ళ పేర్లు చెప్పి ఇంటింటా బియ్యం, కూరగాయలు దానమిచ్చే రోజు. సారవ్వ వాకిట్లో చాట పెట్టుకుని, తన తల్లి పేర ఒక వంతు, తండ్రి పేర ఒక వంతు తీసింది. గట్టయ్య భార్య గోడ మీదుగా చూస్తున్నది.

"మీ అత్త పేరు మర్చినట్టున్నవ్ సారవ్వా. సచ్చినోళ్ళ మీద పగ మంచిది కాదే. ఆకలితోని తిరిగిపోతది ముసలిది" అంది.

సారవ్వ చాటలో బియ్యం చదును చేస్తూ, "మర్వలేదు అత్తా. ఆమెకు కొడుకున్నడు. విశాఖపట్నంల ఉన్నడు. ఆడికి పొమ్మను, పెడ్తడు" అని చాట ఎత్తుకుని లోపలికి పోయింది.